శస్త్రవైద్య ధురీణుడు బిల్‌రోత్

చెన్నపట్టణమున కొంతకాలము ఉద్యోగము చేసి వచ్చిన మన సభ్యులలో కొందరు అచ్చట షెనాయినగరమున బిల్‌రోత్ అను పేరుగల ఆస్పత్రిని చూచియే యుందురు. అది మనుష్యుని పేరో, ఊరి పేరో విచారించినవారు బహుశః తక్కువ. బాల్టికు సముద్రమునందలి ఒక ద్వీపమున మతాచార్యుని ఇంట పుట్టి, సంగీత విద్వాంసుడు కావలెనని కలలు గని, తల్లి కోరికపై వైద్యవిద్యలో జేరి, తుదకు మానవుని జీర్ణకోశమునుండి రాచపుండును కోసి తీసి రోగిని బ్రదికించిన మొదటి శస్త్రవైద్యుని పేరది. ఆయన మరణించి నూట ముప్పది యేండ్లు దాటినవి. అయినను ఆయన తెరచిన ప్రశ్న యొకటి మొన్నమొన్నటి వరకు వైద్యలోకమును వేధించుచునే యుండెను. పుండును తీసినంతమాత్రమున చాలునా? దాని చుట్టును, రక్తనాళముల వెంటను ఉండు లింఫు గ్రంథులను, అనగా వాచినపుడు మన ఇండ్లలో బిళ్ళలు కట్టినవని చెప్పుకొనువానిని, ఎంతదూరము వరకు తీయవలెను? ఎక్కువ తీసినచో రోగి ఎక్కువకాలము బ్రదుకునా, లేక ఆ కోత భారముననే కూలిపోవునా? ఈ ప్రశ్నకు సమాధానము లభించిన తీరు బిల్‌రోత్ స్వభావముతో ముడివడియున్నది. నేను వైద్యము చదివినవాడను గాను, చరిత్ర చదివినవాడను. ఒక మనుష్యుని గుణము ఆయన తదనంతరము ఎంతదూరము ప్రయాణము చేయగలదో చూపుటయే ఈ వ్యాసమునందు నా ప్రయత్నము.

థియొడోర్ బిల్‌రోత్ 1829వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన, నాటి ప్రష్యా రాజ్యమునకు జేరిన ర్యూగెన్ ద్వీపమునందలి బెర్గెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఐదుగురు అన్నదమ్ములలో ఈయనయే జ్యేష్ఠుడు. ఐదేండ్ల ప్రాయముననే తండ్రి క్షయవ్యాధితో గతించెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణమునకు వచ్చి చేరెను. బాలుడు చదువులో సామాన్యుడు. పియానో ముందు కూర్చుండిన పిల్లవానిని పుస్తకము ముందు కూర్చుండబెట్టుట ఆ తల్లికి నిత్యము ఒక యుద్ధముగా ఉండెడిది. సంగీతమే వృత్తిగా గ్రహింపవలెనని అతని సంకల్పము. వైద్యము చదివిన కూటికి లోటుండదని తల్లి పట్టుదల. తండ్రిలేని పిల్లవాడు తల్లి మాటయే విన్నాడు. ఆమెయు కుమారుడు పట్టభద్రుడగుట చూడకమునుపే అదే క్షయకు బలియయ్యెను.

గ్రైఫ్స్‌వాల్డ్‌లో ప్రారంభమైన విద్య గట్టింగెన్‌లో సాగి, 1852లో బెర్లినునందు డాక్టరు పట్టముతో ముగిసెను. గట్టింగెన్‌లోనే ఈ సంగీతప్రియునికి శాస్త్రముపై మనస్సు తగులుకొన్నది. సూక్ష్మదర్శినిలో జూచుట అలవడినది. పట్టము చేతికి వచ్చిన పిదప బెర్లినులో సొంతముగా వైద్యాలయము తెరచి రెండు మాసములు కూర్చుండెను. ఒక్క రోగియు గుమ్మమెక్కలేదట! ఆ నగరవాసులు ఆయనను ఆదరించియుండిన వైద్యలోకమునకు ఎంత నష్టము వాటిల్లెడిదో! 1853లో నాటి శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడగు లాంగెన్‌బెక్ వద్ద సహాయకుడుగా చేరెను. ఏడేండ్లు అక్కడ పని నేర్చెను. కత్తి పట్టుటయేగాక, కోసి తీసిన కండను ఇంటికి గొనిపోయి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించుటయు ఆయనకు నిత్యకృత్యమయ్యెను. 1858లో వివాహమయ్యెను. 1860లో స్విట్జర్లండునందలి జూరిచ్ విశ్వవిద్యాలయము వారు ముప్పదియొకటవ యేటనే ఆయనను శస్త్రవైద్య ప్రొఫెసరుగా ఆహ్వానించిరి.

జూరిచ్‌లో గడపిన ఏడేండ్ల కాలమున ఆయన చేసిన పనులలో రెండు చెప్పదగినవి. 1863లో శస్త్రవైద్య శాస్త్రముపై ఉపన్యాసములను గ్రంథముగా ప్రకటించెను. అది పెక్కు భాషలలోనికి పరివర్తితమై ఒక తరము వైద్యవిద్యార్థులందరికి పాఠ్యగ్రంథమయ్యెను. రెండవది 1869లో వెలువడిన నివేదిక. నా దృష్టిలో రెండవదే గొప్పది.

ఆ కాలమున పేరుగల వైద్యులు తమకు నయమైన రోగులను గూర్చి విస్తారముగా వ్రాసుకొనెడివారు. చనిపోయినవారి ముచ్చట ఎత్తెడివారు కారు. ఒకవేళ ఎత్తినను, రోగి ఆలస్యముగా వచ్చెననియో, బలహీనుడనియో, నియమము పాటింపలేదనియో సంజాయిషీ ఉండెడిది. బిల్‌రోత్ ఈ మర్యాదను త్రోసిపుచ్చెను. 1860 మొదలు 1867 వరకు తన ఆస్పత్రిలో చేరిన రోగులందరి లెక్కను, ఏ వ్యాధికి ఏమి చేసెనో, ఎవరు కోలుకొనిరో, ఎవరు ఎందువలన మరణించిరో, ఒక్కటియు మరుగుపరుపక ముద్రించెను. అంతటితో ఆగలేదు. రోగి గాయము మాని ఇంటికి వెళ్ళినంతమాత్రమున నయమైనట్లు కాదనియు, రాచపుండు వంటి వ్యాధిలో ఏండ్లు గడచిన పిదప గూడ ఆ మనుష్యుడు బ్రదికియున్నాడా లేదా విచారించి వ్రాయవలెననియు ఆయన పట్టుపట్టెను. వార్షిక నివేదికలు తయారుచేయుట వృత్తిగా గల మనబోటివారికి ఇందలి సాహసము వెంటనే బోధపడును. లోపములను గూర్చిన పేరాను పై అధికారికి పోవులోపల ఎన్ని విధముల మెత్తపరుతుమో మనకు తెలియనిది గాదు. ఇక్కడ పై అధికారి లేడు, అడిగినవాడు లేడు. ఆయనంతట ఆయనయే తన అపజయములను అచ్చువేసి లోకము ముందుంచెను.

జూరిచ్‌లోనే మరియొక బంధము ఏర్పడినది. సంగీతస్రష్ట బ్రామ్స్ కచేరీ కొరకు ఆ నగరమునకు వచ్చినపుడు వారిరువురకు పరిచయమయ్యెను. బిల్‌రోత్ అప్పటికి స్థానిక వార్తాపత్రికలో సంగీత విమర్శలు వ్రాయుచుండెను. పియానో వచ్చినది చాలక, నలుగురు కూడి వాయించు మేళములో పాల్గొనవలెనని వయొలా గూడ నేర్చుకొనెను. పిమ్మట వియన్నాలో ఆయన ఇంటి హాలు బ్రామ్స్ నూతన రచనలు తొలుత వినబడు చోటులలో నొకటి. 1873లో ప్రకటించిన రెండు తంత్రీ చతుష్టయములను బ్రామ్స్ ఈ మిత్రునికే అంకితమిచ్చెను. ఇరువురు కలసి ఇటలీ యాత్రలు చేసిరి. చివరి సంవత్సరములలో మాత్రము చిన్నచిన్న కారణములచే ఆ స్నేహము కొంత చల్లబడినది.

1867లో వియన్నా విశ్వవిద్యాలయము వారి ఆహ్వానము వచ్చెను. ముందటి యేడే ప్రష్యా చేతిలో ఆస్ట్రియా ఘోరముగా ఓడియుండెను. ప్రష్యాలో పుట్టినవానిని ఆస్ట్రియా రాజధానిలో ముఖ్య శస్త్రవైద్య పీఠమున కూర్చుండబెట్టుట ఆ విశ్వవిద్యాలయము వారి విశాల దృష్టికి నిదర్శనము. 1870లో ఫ్రాన్సు, జర్మనీలకు యుద్ధము రాగా బిల్‌రోత్ స్వచ్ఛందముగా వెళ్ళి వైసెన్‌బుర్గ్, మాన్‌హైమ్ పట్టణములలో గాయపడిన సైనికులకు చికిత్స చేసెను. 1873 డిసెంబరు 31వ తేదీన రాచపుండు పట్టిన స్వరపేటికను పూర్తిగా తొలగించు శస్త్రచికిత్సను ప్రపంచమున మొదటిసారిగా చేసెను. మాట పోయిన ఆ రోగికి శిష్యుడు గుసెన్‌బవర్ ఒక కృత్రిమ స్వరపేటికను నిర్మించి అమర్చెను.

మహనీయుల జీవితములను వ్రాయునపుడు మచ్చలను తుడిచివేయుట మన దేశమున ఒక ఆచారమైపోయినది. తన మచ్చలను తానే ముద్రించుకొన్నవాని విషయమున ఆ ఆచారము పాటించుట తగదు. గాయములు చీముపట్టుటకు కారణమగు సూక్ష్మజీవులను గూర్చి 1874లో ఆయన ఒక పెద్ద గ్రంథము వ్రాసెను. అవి అన్నియు ఒకే జీవి యొక్క వివిధ రూపములని అందు తలచిన తలపు తప్పని తరువాత తేలెను. లిస్టరు కనిపెట్టిన కార్బాలిక్ ఆమ్ల విధానమును గూడ ఆయన మొదట సందేహించి, కొన్ని యేండ్లకు గాని పూర్తిగా అవలంబింపలేదు. ఇవి శాస్త్రమున సహజములు. కాని 1876 నాటి వైద్యవిద్యా గ్రంథములో తూర్పు ప్రాంతములనుండి వచ్చు పేద యూదు విద్యార్థులను కించపరచుచు వ్రాసిన పుటలు వేరు. వానివలన విశ్వవిద్యాలయమున అల్లర్లు చెలరేగినవి. ద్వేషమును వృత్తిగా గొన్నవారికి ఒక పెద్ద పేరు అండగా దొరకినది. తరువాతి కాలమున ఆయన మనస్సు మారినది. 1891లో యూదు ద్వేషమును ఎదుర్కొనుటకు వియన్నాలో సంఘము స్థాపింపబడగా అందు చేరెను. అయినను అచ్చయిన మాట అచ్చయినదే.

ఇక ముఖ్య విషయమునకు వత్తము.

జీర్ణకోశము చిన్నప్రేవులోనికి తెరచుకొను ద్వారమువద్ద రాచపుండు పుట్టిన రోగి గతి ఆ రోజులలో అతి దారుణము. దారి క్రమక్రమముగా మూసుకొనిపోవును. తిన్నది తిన్నట్లు వాంతియగును. మనిషి కండ్లయెదుట ఆకలితో ఎండి చనిపోవును. కడుపు కోసి ఆ భాగమును తీసి మిగిలిన కొనలను కలిపి కుట్టవచ్చునా? కుట్టినను జఠరరసము ఆ కుట్టును జీర్ణముచేసికొనకుండునా? బిల్‌రోత్ దీనిని జూదముగా తలపెట్టలేదు. ఆయన శిష్యులు గుసెన్‌బవర్, వినివార్టర్ అనువారలు కుక్కలపై ప్రయోగములు చేసి కుట్టు నిలుచునని నిరూపించిరి. అంతేగాక వియన్నాలో పోగుపడియున్న వేలకొలది శవపరీక్షల రికార్డులను తిరుగవేసిరి. జీర్ణకోశ ద్వారమున రాచపుండుతో మరణించిన 542 మందిలో 223 మందికి ఆ వ్యాధి ఇతర అవయవములకు ప్రాకియుండలేదని 1876లో ప్రకటించిరి. అనగా నూటికి నలుబదిమంది, అవకాశమున్నచో, కత్తికి లొంగదగిన దశలోనే మరణించిరన్నమాట. పాత దస్త్రముల దుమ్ము దులిపి ఒక క్రొత్త చికిత్సకు పునాది వేయుట ఇట్టిది. 1877లో బిల్‌రోత్ ఒక రోగి జీర్ణకోశమున ఏర్పడిన రంధ్రమును కుట్టి మాన్పగలిగెను. ఇక మిగిలినది ఒక్క అడుగు.

ఆ అడుగును ముందుగా వేసినవారు ఇతరులు. 1879లో పారిస్‌లో పేయాన్ అట్టి ఆపరేషను చేయగా రోగి ఐదవనాడు మరణించెను. 1880 నవంబరులో పోలిష్ వైద్యుడు రిడిగియర్ చేసిన రోగి ఒక దినమైనను దాటలేదు.

1881 జనవరి 29వ తేదీన బిల్‌రోత్ ఎదుటికి వచ్చిన రోగి తెరెసా హెల్లర్. వయస్సు 43 ఏండ్లు. ఎనమండుగురు బిడ్డల తల్లి. కొన్ని మాసములుగా వాంతులతో చిక్కి శల్యమై, పులిసిన పాలు తప్ప వేరొకటి కడుపున నిలువని స్థితిలో నుండెను. ముందుగా జీర్ణకోశమును కడిగి శుభ్రపరచిరి. మత్తిచ్చి కడుపు తెరచి, రాచపుండు గల భాగమును కోసి తీసి, మిగిలిన జీర్ణకోశమును చిన్నప్రేవు మొదటికి కార్బాలిక్ ఆమ్లములో తడిపిన పట్టుదారముతో సుమారు 50 కుట్లు వేసి కలిపిరి. మొత్తము పని గంటన్నరలో ముగిసినది. ఆమెకు జ్వరము రాలేదు, వాంతి కాలేదు. దినదినము కొంచెము కొంచెముగా ఆహారము ఇముడసాగెను. ఆరు దినములు గడవగానే, ఫిబ్రవరి 4వ తేదీన, బిల్‌రోత్ వియన్నా వైద్యపత్రిక సంపాదకునికి లేఖ రూపమున సర్వము తెలియజేసెను. యూరప్ అంతయు ఆ వార్త ప్రాకెను.

తెరెసా హెల్లర్ కోలుకొని ఇంటికి వెళ్ళెను. కాని నాలుగు మాసములు తిరుగకముందే మే నెలలో మరణించెను. శవపరీక్షలో చూడగా కుట్టినచోటు చక్కగా అతుకుకొని మానియుండెను. రాచపుండు మాత్రము కడుపులో ఇతరత్ర తలయెత్తియుండెను. ఆపరేషను నాడు తీసిన ముక్కయు, మరణానంతరము తీసిన జీర్ణకోశమును వియన్నాలో భద్రపరచబడినవి. ఈ రెండింటి నడుమ ఉన్న నాలుగు మాసములే తరువాతి నూరేండ్ల చర్చకు మూలము. శస్త్రవైద్యుని చేయి గెలిచినది. వ్యాధి మాత్రము చేయి అందుకొనని చోట దాగియుండెను. ఆ వెంటనే ఆయన చేసిన రెండవ, మూడవ ఆపరేషనులలో రోగులు దక్కలేదు. మొదటి విజయమును ప్రకటించినట్లే ఈ మరణములను గూడ ఆయన పాఠశాలవారు ప్రకటించిరి. 1885లో కోసిన కొనను మూసివేసి జీర్ణకోశమును చిన్నప్రేవుతో మరియొకచోట కలుపు రెండవ పద్ధతిని ఆయన ప్రారంభించెను. నేటికిని ఆ రెండు పద్ధతులను ప్రపంచమంతట బిల్‌రోత్ మొదటిది, రెండవది అనియే వ్యవహరింతురు.

1882లో గురువు లాంగెన్‌బెక్ పదవి విరమింపగా బెర్లిను పీఠము వెదకికొని వచ్చెను. ఆయన వియన్నాను విడువలేదు. అదే సంవత్సరము యువరాజు రుడోల్ఫ్ పేరిట నర్సుల శిక్షణ కొరకు ఒక ఆస్పత్రి నెలకొల్పెను. ఇండ్లలోను ఆస్పత్రులలోను రోగిని కనిపెట్టి చూచుకొనుటను గూర్చి అందరికి అర్థమగు గ్రంథమును అంతకుముందే వ్రాసియుండెను. 1887లో తీవ్రమగు న్యూమోనియా వచ్చి తగ్గినను గుండె బలహీనపడినది. ఆ యేడే ఆస్ట్రియా ఎగువసభలో సభ్యత్వము లభించినది; అచ్చట యుద్ధములో గాయపడువారి రక్షణ కొరకు గట్టిగా వాదించెను. వియన్నా వైద్యసంఘమునకు సొంత భవనము ఏర్పరచుటకు ఎంతయో శ్రమించెను. 1893లో తెరువబడిన ఆ భవనమునకు తరువాత ఆయన పేరే స్థిరపడినది. సంగీతజ్ఞుడనగా ఎవడు అను విషయముపై శరీరశాస్త్ర దృష్టితో వ్రాయుచున్న గ్రంథము అసంపూర్ణముగా నుండగా, 1894 ఫిబ్రవరి 6వ తేదీన ఏడ్రియాటిక్ తీరమునందలి అబ్బాజియాలో, నేటి క్రొయేషియాలోని ఒపాటియాలో, ఆయన కన్నుమూసెను. వియన్నా కేంద్ర శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. మూడేండ్లకు బ్రామ్స్ గూడ ఆ వాటికకే చేరెను.

ఆయన మరణించిన సంవత్సరమే అమెరికాలో ఒక విచిత్రము జరిగినది. యౌవనమున వియన్నాకు వచ్చి బిల్‌రోత్ ఆపరేషనులు చూచిపోయిన హాల్‌స్టెడ్ అను వైద్యుడు రొమ్ము రాచపుండుకు చంకలోని గ్రంథులతో సహా అంతయు ఒక్కటిగా తీసివేయు పద్ధతిని ప్రకటించెను. తన పద్ధతిలో కోసినచోట వ్యాధి తిరుగబెట్టుట నూటికి 6 వంతులే అని చూపి, పోలికకు బిల్‌రోత్ రోగుల లెక్క తీసికొనెను. అది నూటికి 82. ఆ అంకె హాల్‌స్టెడ్‌కు ఎచ్చటనుండి వచ్చినది? బిల్‌రోత్ ఆస్పత్రివారే ముద్రించిన లెక్కలనుండి! తన వైఫల్యమును దాచుకొనియుండిన ఆయనను మించినవానికి కొలబద్ద ఉండెడిదే కాదు.

ఇచ్చట లింఫు గ్రంథుల సంగతి కొంచెము చెప్పవలెను. శరీరమునందు రక్తనాళములవలెనే ఒక సన్నని రసమును గొనిపోవు నాళములు గలవు. త్రోవలో అక్కడక్కడ గింజలవంటి గ్రంథులు ఆ రసమును వడగట్టుచుండును. రాచపుండు కణములు ఈ త్రోవపట్టి పోవునపుడు మొదట ఆ గ్రంథులలో చిక్కుకొనును. జీర్ణకోశమునకు ఆనుకొనియున్న గ్రంథులు మొదటి వరుస. దానికి రక్తము తెచ్చు ధమనుల మొదళ్ళవద్ద, కాలేయమునకును ప్లీహమునకును పోవు ధమనుల వెంట ఉన్నవి రెండవ వరుస. వెన్నెముక ముందు బృహద్ధమనికి ఇరుప్రక్కల ఉన్నవి ఇంకను లోతైనవి. మొదటి వరుసతో ఆగు ఆపరేషనును నేడు డి-1 అనియు, రెండవ వరుసనుగూడ తీయుదానిని డి-2 అనియు వైద్యులు పిలుతురు.

ఈ త్రోవలను గూర్చి శ్రద్ధగా ఆలోచించినవారిలో బిల్‌రోత్ ప్రియశిష్యుడు మికులిచ్ ముఖ్యుడు. ఆయనయు పియానో వాద్యములో దిట్ట. గురుశిష్యులు ఒకే పియానో ముందు కూర్చుండి నాలుగు చేతులతో వాయించెడివారు. జీర్ణకోశపు రాచపుండు ఏయే మార్గముల ప్రాకునో మికులిచ్ 1898లో విశదీకరించి, గ్రంథులను గూడ తీయవలెనని బోధించెను. ఆయన బ్రెస్లావులో ప్రొఫెసరుగా ఉండగా మియాకే హయారి అను జపాను యువకుడు శిష్యరికము చేసి, స్వదేశమున ఫుకువోకా నగరమున ప్రొఫెసరై ఆ విద్యను నాటెను. (1922లో జపానుకు పోవు ఓడలో ఐన్‌స్టయినునకు జబ్బు చేయగా చికిత్స చేసినవాడు ఈ మియాకేయే.) మికులిచ్ 1905లో మరణించెను. ఏ వ్యాధితో ననుకొన్నారు? తాను జీవితమంతయు పోరాడిన ఆ జీర్ణకోశపు రాచపుండుతోనే.

జపానులో ఈ వ్యాధి విపరీతము. అందువలన అచ్చటి వైద్యులు దీనిని జాతీయ కార్యముగా పట్టుకొనిరి. టోకియోలో కాజితాని మొదలగువారు రెండవ వరుస గ్రంథులను క్రమపద్ధతిలో తొలగించుటను అభివృద్ధి చేసిరి. 1962లో పరిశోధక సంఘమేర్పడి, ఒక్కొక్క చోటి గ్రంథులకు ఒక్కొక్క నంబరు ఇచ్చి, తీసినదానిని తీసినట్లు నమోదుచేయు నియమావళిని ప్రకటించెను. తమ రోగులు ఎక్కువమంది చిరకాలము బ్రదుకుచున్నారని వారు చెప్పగా, పాశ్చాత్యులు ఒక న్యాయమైన సందేహము వెలిబుచ్చిరి. జపానులో వ్యాధిని తొలిదశలోనే పట్టుకొనుచున్నారు, రోగులు సన్ననివారు, బ్రదుకుట గ్రంథులు తీసినందువలననో, ఈ కారణములవలననో ఎట్లు తెలియును?

తెలిసికొనుటకు ఒక్కటే మార్గము. 1989 మొదలు 1993 వరకు హాలండు దేశమున 80 ఆస్పత్రులలో, చీట్లు తీసినట్లు రోగులను యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు డి-1, రెండవ వర్గమునకు డి-2 చేసిరి. పని నేర్పుటకు టోకియోనుండి ససాకో అను శస్త్రవైద్యుడు వచ్చెను. వియన్నానుండి బ్రెస్లావు మీదుగా జపాను చేరిన విద్య తిరిగి యూరప్‌కు వచ్చినదన్నమాట. నయమగునను ఆశతో ఆపరేషను జరిగినవారు 711 మంది. ఫలితము నిరాశ గొలిపెను. ఆపరేషను తరువాత ఆస్పత్రిలోనే చనిపోయినవారు డి-1లో నూటికి 4, డి-2లో 10. ఐదేండ్లకు బ్రదికియున్నవారు వరుసగా 45, 47. అనగా చెప్పదగిన భేదము లేదు. అదే కాలమున బ్రిటనులో 400 మందిపై జరిగిన పరీక్షలోను ఇట్లే: వెంటనే మరణించినవారు నూటికి ఆరున్నరకు ఎదురుగా 13, ఐదేండ్లకు 35కు ఎదురుగా 33. ఎక్కువ కోత ఎక్కువ ప్రాణములను తీయుచున్నదను మాట స్థిరపడినట్లే తోచెను.

వ్యవహారము అంతటితో ముగిసియుండిన, ఫైలు మూసి బీరువాలో బెట్టియుండెడివారు. హాలండువారు మూయలేదు. రోగులు ఇంటికి వెళ్ళిన పిదపను ఏండ్ల తరబడి విచారించవలెనను బిల్‌రోత్ పట్టుదల ఇచ్చట ఫలించినదని నేను అనుకొందును. వారు పదునైదేండ్లు ఆ రోగులను వెంటాడి 2010లో లెక్క ప్రకటించిరి. బ్రదికియున్నవారు డి-1లో నూటికి 21, డి-2లో 29. ఈ భేదము యాదృచ్ఛికము కావచ్చునని గణితజ్ఞులు అందురు. కాని ఆ రాచపుండు వలననే మరణించినవారు డి-1లో నూటికి 48 కాగా డి-2లో 37 మంది మాత్రమే. కోసినచోటనే వ్యాధి తిరిగి పుట్టుట 22నుండి 12కు తగ్గెను. అనగా రెండవ వరుస గ్రంథులు తీయుటవలన మేలు నిజమే. ఆ మేలును తొలిదినములలో జరిగిన మరణములు మ్రింగివేసినవి. ఆ మరణములకు ప్రధాన కారణమేమి? గ్రంథులను పూర్తిగా తీయు తొందరలో పలువురికి ప్లీహమును, క్లోమము కొనను గూడ తీసివేసియుండిరి. పైగా ఈ కోత పెక్కుమంది వైద్యులకు క్రొత్త. అనుభవశాలుర చేతులలో సంగతి వేరని తైవానునందలి ఒక ఆస్పత్రివారు 2006లో చూపిరి. అచ్చట 221 మందిలో ఆపరేషను వలన ఒక్కరును మరణింపలేదు. ఐదేండ్లకు బ్రదికినవారు తక్కువ కోతలో నూటికి సుమారు 54, ఎక్కువ కోతలో సుమారు 60.

ఎక్కువ తీసిన మేలైనచో, ఇంకను ఎక్కువ తీసిన ఇంకను మేలా? జపానువారు ఈ ప్రశ్నను గూడ విడిచిపెట్టలేదు. ఆ ససాకో నాయకత్వముననే 523 మందిని రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు బృహద్ధమని ప్రక్కనున్న గ్రంథులను గూడ తీసిరి. 2008లో వెలువడిన ఫలితము ప్రకారము ఐదేండ్లకు బ్రదికియున్నవారు డి-2తో నూటికి 69.2, అదనపు కోతతో 70.3. లాభము లేదు. తమ దేశమున తమవారే ఎంతో నేర్పుతో పెంచుకొన్న పద్ధతి వ్యర్థమని తామే పరీక్షించి తామే ప్రకటించుట సామాన్యమైన విషయము గాదు. ప్లీహమును తీయుటవలన కూడ ఆయువు పెరుగదని 2017లో 505 మంది లెక్కతో వారే తేల్చిరి.

ఇప్పుడు పెక్కు దేశములలో అనుసరించునది ఈ మధ్యమార్గమే. వ్యాధి ముదిరినను నయముచేయదగిన స్థితిలో నున్న రోగికి, అనుభవము గల చేతులలో, ప్లీహమును క్లోమమును కాపాడుచు, రెండవ వరుస వరకు గ్రంథులు తీయుదురు. ఆపరేషనుకు ముందో వెనుకనో మందులు ఇత్తురు. తీసిన గ్రంథులను ఒక్కొక్కటిగా వెదకి సూక్ష్మదర్శిని క్రింద చూచి, మొత్తము ఎన్ని దొరకినవో, వానిలో ఎన్నింట వ్యాధి యున్నదో పరీక్షాలయమువారు నివేదికలో వ్రాయుదురు. కనీసము 16 గ్రంథులైన చూడనిదే వ్యాధి ఏ దశలో నున్నదో నమ్మకముగా చెప్పరాదని నేటి నియమము. మన కుటుంబములలో ఎవరికైన ఈ అవసరము కలిగినపుడు, ఆ కాగితములో మొదట చూడవలసిన అంకెలు ఈ రెండే.